నలుపు ఆగిన చోటు

బీడీకి దారం బిగించడంలో నేతగాళ్ల వాడ భవాని పేట్‌లో యమునాబాయికి సాటి లేరు. 1989 శ్రావణంలో ఆ నేర్పే పొరపాటుకు దారితీసింది. పవర్‌లూం మీద బట్ట నేసే ఆమె భర్త రాజారాం, మగ్గం ఇనుపపట్టీకి కాలి చిటికెనవేలు చీరుకుపోయి నెత్తురుతో ఇంటికి వచ్చాడు. ఆమె వేలికి గుడ్డ చుట్టి, బీడీ దారంతో గట్టిగా నాలుగు చుట్లు కట్టింది. షుగర్ వల్ల ఏనాడో పాదాల స్పర్శ పోయిన రాజారాంకు ఆ బిగువు తెలియలేదు.

"నొస్తలేదే, మంచిగుంది" అంటూ నాలుగు రోజులు షిఫ్టుకు వెళ్లాడు.

ఐదో రోజు గుడ్డ విప్పితే వేలు బొగ్గులా నల్లబడి, ముడుచుకుపోయి ఉంది. పెద్దాసుపత్రిలో డాక్టర్ శాంత ఎదుట యమునాబాయి కూలబడింది.

"నా చేతులతోనే వేలు చంపిన డాక్టర్ బాయీ. కాలు తీస్తరా?"

"ఒక్క నీ దారమే కాదు. షుగర్ ముందే రక్తం దారులు సన్నం చేసింది. రక్తమందకుంటె మాంసం చస్తది, చచ్చింది మళ్ల లేవది. కాని బతికిన ఒళ్లు చచ్చినదాన్ని వేరు చేసుకుంటది, నడుమ ఎర్రగీత పడ్తది. అది వేలికాడనే ఆగితే వేలొక్కటే పోతది. తడిసి చీము పట్టి, వాసనొచ్చి పైకెక్కితే మాత్రం కాలే పోతది."

నలుపు అంచున డాక్టర్ పెన్నుతో ఒక గుర్తు పెట్టింది. రాజారాంను వార్డులోనే ఉంచి ఇన్సులిన్ సూదులు మొదలుపెట్టారు. యమునాబాయి రోజూ పొద్దున్నే ఆ గుర్తును చూసేది. వాసన విషయంలో మాత్రం తన ముక్కును నమ్మలేదు. ఇరవై ఏళ్ల పొగాకు దాన్ని మొద్దుబార్చింది. పొరుగింటి సరోజను వెంట తెచ్చుకునేది.

"మంచిగ సూడు సరోజా, కుళ్లు వాసనుందా?"

"నీ మొగని చెమట తప్ప ఏం లేదక్కా."

"వినబడ్తుంది!" అన్నాడు రాజారాం మంచం మీద నుంచి.

తొమ్మిదో రోజు గుర్తు దాటి ఎరుపు కనబడితే ఆమె పరుగున వెళ్లి డాక్టర్‌ను పిలుచుకొచ్చింది. డాక్టర్ వంగి చూసి నవ్వింది. "గాబరా పడకు. మనం ఎదురుచూసిన గీత ఇదే."

మూడో వారంలో చచ్చిన వేలిని తొలగించారు. కింద మాంసం ఎర్రగా, తడిగా మెరిసింది. దీపావళి నాటికి గాయం పూడుకుంది. డాక్టర్ ఆజ్ఞ మీద రాజారాం జీవితంలో మొదటిసారి బూట్లు తొడిగాడు.

"దొరలెక్క చేస్తివి గదనే" అని సణుగుతూ, రెండు కాళ్ల మీద అశోక్ చౌక్ దాకా ఆమెకంటే ముందే నడిచాడు.