అక్క వదిలిపోయిన ఆది జాకెట్టు

మడకశిర బస్టాండు వెనక వీధిలో, ఎరువుల అంగడికీ సోడాల అంగడికీ మధ్య ఇరుక్కున్న గది నాది. తొంభైలు ముగుస్తున్న రోజుల్లో అందులో కాలితో తొక్కే మిషను ఒకటి వేసుకుని ఆడవాళ్ళ జాకెట్లు కుట్టడం మొదలుపెట్టాను. గోడ నిండా మేకులు కొట్టించాను. మేకుకొక సంచి. సంచిలో కుట్టాల్సిన గుడ్డ, దాంతోపాటు కొలతకని ఇచ్చిన పాత జాకెట్టు. దాన్ని ఆది జాకెట్టు అంటాం. టేపు పట్టుకుని కొలుస్తానంటే మా వైపు పెద్దవాళ్ళు ఒప్పుకోరు. ఒంటికి సరిగ్గా కూర్చున్న పాతదాన్ని తెచ్చి ముందు పడేసి, "ఇట్లే కుట్టు" అంటారు, అంతే. ఆది మన దగ్గర ఉన్నంతకాలం ఆమె మన మనిషి. ఆది వెనక్కి అడిగిందంటే ఇంకో టైలరును చూసుకుందని అర్థం. ఆ మాట మాత్రం ఎవరూ పైకి అనరు.

కుట్టు నాకు బాగా వచ్చు. ఇది చెప్పుకోడానికి నాకేం సిగ్గు లేదు. మెడ ఎట్లా తిప్పితే ఎవరి వీపుకు అందమో, మనిషి మెట్టెక్కుతుండగానే తెలిసిపోయేది. రానిది ఒక్కటే, మొదలుపెట్టిన పని ముగించడం. ఒక జాకెట్టుకు చేతులు అతికించి, సుద్దముక్క కోసం లేచేదాన్ని. సుద్దముక్క వెతుకుతూ దారపు ఉండలన్నీ రంగుల ప్రకారం సర్దేదాన్ని. ఆ సర్దడంలో ఇంకెవరిదో పూల గుడ్డ కనబడితే దాన్ని కత్తిరించడానికి కూర్చునేదాన్ని. సాయంత్రానికి ఆరు జాకెట్లు మొదలై ఉండేవి, ఒక్కటీ పూర్తయ్యేది కాదు. సుద్దముక్క నా కొప్పులోనే దొరికేది.

"నీకుండేది తలకాయనా జల్లెడనా?" అనేవాడు నా మొగుడు. ఆయన మార్కెట్ యార్డులో గుమస్తా. కాయితం మీద కాయితం పేర్చి పెట్టుకునే మనిషి. మొదట్లో నవ్వుతూ అనేవాడు, తర్వాత నవ్వడం మానేశాడు. వచ్చినవాళ్ళకు "రేపు ఇస్తా" అని చెప్పేదాన్ని. చెప్పేటప్పుడు అది అబద్ధం కాదు, మనసారా అన్న మాటే. మరుసటి రోజు వాళ్ళ ముఖం చూశాకగానీ అబద్ధమైపోయేది కాదు. నాకు పొగరని కొందరు, సోమరిదని కొందరు అన్నారు. నేనైతే రెండూ నిజమేననుకున్నాను.

అలాంటి అంగడి నాలుగేళ్ళు నిలబడిందంటే అక్క వల్ల. సొంత అక్క కాదు. మా వీధి చివర రేకుల ఇంట్లో ఉండేది, నాకన్నా పదేళ్ళు పెద్ద. హుక్కులు కుట్టడానికీ చేతికుట్టుకూ మనిషి కావాలంటే వచ్చింది. పొద్దున వచ్చి గడప పక్కన గోనెసంచి పరుచుకుని కూర్చునేది. చదువు రాదు. కానీ ఏ మేకుకు ఎవరి గుడ్డ ఉందో, ఎప్పటికి ఇవ్వాలో ఆమెకు తెలుసు. "ఆ పచ్చంచుది పాలామె కోడలిది పాపా. బేస్తారం తిరణాలకు పోతాది" అని చెప్పేది. నేను రాసి పెట్టుకున్న చీటీలు పోయేవి. ఆమె నోట్లో ఉన్నవి పోయేవి కావు.

ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నేను మిషను ముందు నుంచి లేస్తే మాత్రం, సూది మీద నుంచి చూపు తిప్పకుండానే ఒకే మాట అడిగేది.

"యాడికి?"

అంతే. తిట్టు కాదు, అజమాయిషీ కాదు. చెప్పుకోదగ్గ జవాబు నా దగ్గర ఉండేది కాదు కాబట్టి మళ్ళీ కూర్చునేదాన్ని. మధ్యాహ్నం ఆమె తెచ్చుకున్న రాగిసంగటి ముద్దలో సగం నాకు పెట్టేది. ఆ నాలుగేళ్ళలో నేను జాకెట్టు ఇస్తానన్న రోజుకే ఇచ్చాను. అది నా గొప్పతనమే అనుకున్నాను. రెండో మిషను కొందామని కూడా ఆలోచన చేశాను. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతానందట, అన్నాడు నా మొగుడు.

అక్కకు ఇద్దరు అన్నలు. ఏదో పొలం గట్టు తగువులో వాళ్ళతో మాటలు లేకుండా పోయి అప్పటికి తొమ్మిదేళ్ళయింది. ఆ తొమ్మిదేళ్ళూ ఆమెకు పుట్టింటి ఒడిబియ్యం లేదు. పెళ్ళయిన ఆడబిడ్డను పిలిచి, కొత్త చీర కట్టించి, ఒడిలో బియ్యం పోసి పంపడం మాకు చిన్న సంగతి కాదు. పుట్టినింట్లో నీకింకా చోటుందని నలుగురి ముందు చెప్పడం అది. ఒకరోజు పెద్దన్న మనసు కరిగి కబురు పెట్టాడు. నేరేడుపండు రంగు చీర, జాకెట్టు గుడ్డ ముందుగానే పంపించాడు, కుట్టించుకుని వేసుకుని రమ్మని.

అక్క ఆ గుడ్డ నా చేతికిచ్చేటప్పుడు చేతులు చీరకు తుడుచుకుని మరీ ఇచ్చింది. తన ఆది కూడా ఇచ్చింది. వెలిసిపోయిన ఆకుపచ్చ జాకెట్టు, ఆమెకున్న వాటిలో అదే మేలైనది.

"శుక్రవారం పొద్దున బండికి పోవల్ల పాపా" అంది. ఒక్కసారే చెప్పింది.

వారం రోజుల గడువుంది. రోజూ నా ఎదురుగానే కూర్చుంది. రోజూ ఊళ్ళోవాళ్ళ జాకెట్లన్నీ గుర్తుచేసింది, తనది తప్ప. నాకూ ఆమెది వెనకబడింది. ఇంటి మనిషే కదా, ఎప్పుడైనా కుట్టొచ్చు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. ఆమె పని నాకు పనిలా అనిపించలేదు. బుధవారం గుడ్డ కత్తిరించాను, అంతవరకు నిజం. గురువారం అక్క రాలేదు. ప్రయాణం ముందు ఇల్లు అలుక్కోవాలంది. ఆ రోజే ఒక కాలేజీ అమ్మాయి వచ్చి వీపు మీద ఆకుల వరస లాంటి మెడ కావాలని బొమ్మ గీసి చూపించింది. నేనింక ఆ మెడలో పడ్డాను. అన్నం తిన్నానో లేదో తెలియదు. చీకటిపడేసరికి ఆ ఆకుల మెడ అద్భుతంగా వచ్చింది. పోనీ దానికైనా తొందరుందా అంటే, ఆ అమ్మాయి నెల గడువిచ్చింది.

శుక్రవారం తెల్లవారగానే అక్క వచ్చింది. తలకు పోసుకుంది, నేరేడు రంగు చీర కట్టుకుంది. పైన తను రోజూ వేసుకునే చిరుగు జాకెట్టు. ఇక్కడే మార్చుకుని బస్సెక్కుదామని వచ్చిందన్నమాట. ముక్కలుగా కత్తిరించిన గుడ్డ బల్ల మీద అట్లే ఉంది. ఆమె చూసింది, నేనూ చూశాను.

"గంటలో కుట్టిస్తానక్కా, కూర్చో" అన్నాను.

"బస్సుంది పాపా" అంది.

"సరే, నీ ఆదైనా ఏసుకో" అని మేకులన్నీ వెతికాను. సంచులు కుమ్మరించాను. దొరకలేదు. బయట బస్సు హారన్ కొడుతోంది. ఆమె కాసేపు చూసి, కొంగు భుజాల మీదుగా నిండుగా కప్పుకుని వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి అని ఏడ్చి ఉండేదాన్ని. ఆమె వెళ్ళాక స్టూలు మీద కూలబడబోతే అక్కడుంది ఆది. మెత్తగా ఉంటుందని మడిచి వేసుకుని, రెండు రోజులుగా నేను దాని మీదే కూర్చున్నాను.

అక్కడ జరిగింది తర్వాత ఆ ఊరి మనిషొకామె చెప్పింది. పసుపు రాసేటప్పుడు కొంగు తొలగి చిరుగు జాకెట్టు బయటపడిందట. "మేం పంపిచ్చిన గుడ్డ నీ ఒంటికి పనికి రాల్యాదా?" అందట పెద్దొదిన. చీర కట్టుకుని జాకెట్టు వదిలేయడమంటే సగం తీసుకుని సగం మొహాన కొట్టడమేనని అందరూ అనుకున్నారట. టైలరు కుట్టలేదని అక్క చెప్పలేదు. నన్ను వేలెత్తి చూపితే ఒక్క మాటతో పోయేది. ఎందుకు చెప్పలేదో నాకు ఇప్పటికీ తెలియదు. బియ్యం పోశారు, పంపేశారు. మళ్ళీ పిలవలేదు.

సోమవారం అక్క అంగడికి రాలేదు. మంగళవారమూ రాలేదు. ఆమె ఇల్లు నా అంగడి నుంచి నూరు అడుగులుండదు. కుట్టిన జాకెట్టు పట్టుకుని వెళ్ళి కాళ్ళు పట్టుకుందామనుకున్నాను. జాకెట్టు అవ్వాలి కదా వెళ్ళడానికి. రేపు కుడతా, ఎల్లుండి పోతా అనుకుంటూ ఎన్ని రోజులు గడిచాయో. చివరికి ఉత్త చేతులతోనే వెళ్తే తలుపుకు తాళం ఉంది. మొగుడి సొంతూళ్ళో గొర్రెలు మేపుకుంటామని సరిహద్దు అవతలి పల్లెకు వెళ్ళిపోయారని పక్కింటామె చెప్పింది.

ఆది మాత్రం అడగలేదు. ఆ ఒక్కటీ పట్టుకుని నేను ఏడేళ్ళు బతికాను. ఆది అడగలేదంటే ఇంకా నా మనిషేనని. ఆ సంచిని మిషనుకు ఎదురుగా ఉన్న మేకుకు తగిలించాను. కుడదామని రోజూ చూసేదాన్ని, చెయ్యి పోయేది కాదు.

అక్క ఊరు వదిలాక నాకు బేరాలు కాదు, చేతులు పడిపోయాయి. హుక్కులకు ఇంకో ఇద్దరు వచ్చారు, ఇంటికి తీసుకెళ్ళి కుట్టి తెచ్చేవాళ్ళు. గడప పక్కన ఎవరూ కూర్చోలేదు. నేను లేస్తే అడిగేవాళ్ళు లేరు. ఒక్కోరోజు అంగడికి తాళం వెయ్యకుండా సంత చుట్టూ తిరిగి వచ్చేదాన్ని. ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆదులు అడిగారు. "ఊరికే, ఇంట్లో ఏసుకోనీకి" అనేవాళ్ళు పాపం. మేకులు బోసిపోయాయి. కొత్తగా పెట్టిన బట్టల ఫ్యాక్టరీల్లోకి ఆడవాళ్ళు పనికి పోతున్న కాలం అది. నువ్వూ పోరాదా అన్నాడు నా మొగుడు. నాకు ఏడుపొచ్చేంత కోపం వచ్చింది.

ఆ తర్వాత నా కూతురి సంగతి వచ్చింది. బడిలో ఒక చోట కూర్చోదు, లెక్క సగంలో వదిలేస్తుంది, రెండు రోజులకొక పెన్సిలు. టీచరు పోరు పడలేక బెంగళూరులో ఒక పిల్లల డాక్టరమ్మకు చూపించాం. మనసు ఒక్క పని మీద నిలవని ఈ తీరుకు ఏడీహెచ్‌డీ అని పేరుందని, పుట్టుకతో వచ్చేదని, పొగరూ సోమరితనమూ కాదని ఆమె చెప్పింది. ఇంట్లో ఇంకెవరైనా ఇట్లా ఉన్నారా అని అడిగింది. నా మొగుడు నావైపు చూసి నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేసి మళ్ళీ చూశాడు. నాకు సంతోషం కలగలేదు. ఇన్నేళ్ళు నన్ను నేను తిట్టుకున్న తిట్లన్నీ ఎవరికి వాపసు ఇవ్వాలో తెలియక ఒళ్ళు మండింది.

లేవబోతుంటే డాక్టరమ్మ మరో మాట చెప్పింది. ఇలాంటివాళ్ళ పక్కన ఎవరైనా ఊరికే కూర్చున్నా చాలు, పని ముగిస్తారట. బస్సు హిందూపురం దాటేదాకా నేను కిటికీలోకి చూస్తూ ఏడుస్తూనే ఉన్నాను. హుక్కులకని నేను పెట్టుకున్న మనిషి నాలుగేళ్ళు చేసింది ఆ పని. ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

ఆ వారమే కూతుర్ని పక్కన లెక్కలు చేయమని కూర్చోబెట్టి అక్క జాకెట్టు కుట్టాను. ఇద్దరిలో ఎవరు ఎక్కువసార్లు లేచామో చెప్పలేను, కానీ పూర్తయింది. ఆదితో పాటు సంచిలో పెట్టుకుని, ఊరు కనుక్కుని, రెండు బస్సులు మారి వెళ్ళాను.

దొడ్డి ముందు గొర్రెలకు ఆకు వేస్తోంది అక్క. సగం మనిషైపోయింది. "ఏం పాపా, ఇంత దూరం వచ్చినావు" అంది, నిన్న మొన్న చూసిన మనిషిని అడిగినట్టు. నేను సంచి ఇచ్చాను. ఏడేళ్ళుగా కూడబెట్టుకున్న క్షమాపణలో ఒక్క ముక్కా నోటికి రాలేదు. లోపలికి వెళ్ళి వేసుకుని వచ్చింది. భుజాలు జారిపోతున్నాయి.

"వదులుండాది" అంది.

"ఎత్తుకపోయి సరిచేసుకుని తెస్తానక్కా."

"వద్దులే. ఈడనే కుట్టిపో."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉన్న మాటే అంది. సూదీ దారమూ తెచ్చిచ్చి, ఎదురుగా గడప మీద కూర్చుంది. నేను కుట్లు విప్పి లోపలికి పట్టడం మొదలుపెట్టాను. ఒక పక్క అయింది. దొడ్డిలో గొర్రెపిల్ల ఏదో అరిచింది. నాకు తెలియకుండానే లేచాను.

"యాడికి?" అంది.

కూర్చున్నాను. కళ్ళు మసకబారి సూది వేలికి రెండుసార్లు గుచ్చుకుంది. రెండో పక్కా అయింది. వేసుకుని చూసి, సరిపోయిందని తలూపి, విప్పి మడిచి పెట్టెలో పెట్టుకుంది.

"ఇంక ఇదే ఆది అయితాది. ఈడ పై ఊర్లో ఒగామె మిషను పెట్టినాది, బాగనే కుడతాది" అంది. పాత ఆకుపచ్చది నా చేతిలో పెట్టింది. "ఇది నాకు ఇంక కాదులే. మిషను తుడుచుకోనీకి పనికొస్తాది నీకు."

సాయంత్రం బస్సు దాకా వచ్చి ఎక్కించింది. మళ్ళీ రమ్మనలేదు, రావద్దనీ అనలేదు.

ఆ జాకెట్టుతో మిషను తుడవలేదు. అది మళ్ళీ పాత మేకుకే ఉంది. అంగడి ఇప్పుడూ నడుస్తోంది, నడవాల్సినట్టు కాకపోయినా. మిషను మీద నుంచి లేచేటప్పుడు ఒక్కోసారి నేనే పైకి అడుగుతాను, "యాడికి?" అని. కాసేపు నిలబడి వింటాను. నా మాట నేనెప్పుడు విన్నాను కనుక. మెట్టు దిగి వెళ్ళిపోతాను.