కుప్పమ్మ రెండో గొంతు

కుప్పమ్మ కింద నిలబడి అరిస్తే, మూడో అంతస్తులో ఇటుకలు మోసే ఆడవాళ్ళ కాళ్ళకు పరుగొచ్చేది. అరవదేశపు గుడియాత్తంలో కొత్త మేడలు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులవి. మేడ మీద డిష్షు, మేడ కింద ఎస్‌టీడీ బూతు. ఆ మేడలకు ఇసుకా సిమెంటూ మోసిన ఆడవాళ్ళ గుంపుకు పెద్ద మా కుప్పమ్మే. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. కుప్పమ్మ నోరు మంచిదని ఎవరూ అనలేదు గానీ, ఊరు మాత్రం చచ్చినట్టు వినేది.

అలాంటి గొంతును పొగాకు తినేసింది. వేలూరు పెద్దాసుపత్రిలో కోసి తీసేశారు. ఊపిరి పీల్చుకోవడానికి మెడ మీద ఒక రంధ్రం పెట్టారు. నాలుకా పెదాలూ ఎప్పటిలాగే ఆడుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. మెడకు ఆనించుకునే మిషను ఒకటి ఉందనీ, అది ఉంటే పెదాలతో అన్న మాట బయటికి వినిపిస్తుందనీ, విదేశాల నుంచి తెప్పిస్తామనీ చెప్పి పంపారు.

ఇక చూడాలి కుప్పమ్మ అవస్థ! కూర్చుంటే లేస్తుంది, లేస్తే వీధి చివరిదాకా పోయి వస్తుంది. పని దగ్గరికి పోయి చప్పట్లు కొడితే ఒక్కతీ తలెత్తదు. పళ్ళెం మీద గరిటెతో వాయిస్తే పిల్లలు నవ్వుతారు. రోజూ పొద్దున్నే కొడుకు శక్తివేల్ చొక్కా పట్టుకుని, మిషను వచ్చిందా అని చేతులు తిప్పి అడుగుతుంది.

"వచ్చినాక వాళ్ళే చెప్తారు కదమ్మా," అని వాడు తాపీ తీసుకుని పనికి పోతాడు.

ఇంట్లో మిగిలేది కోడలు రంజని. అరక్కోణం అరవపిల్ల. ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడుతుంటే, కాపురానికి వచ్చిన మూడేళ్ళలో ఆ పిల్ల నోట ఒక్క తెలుగు మాట రాలేదు. కుప్పమ్మకు మొదటినుంచీ అదే మంట. ఇప్పుడు ఇంకో మంట కూడా తోడైంది. అత్త పెదాలు కదిపితే చాలు, ఆ పిల్ల చేతిలో పని వదిలేసి ఎదురుగా నిలబడి నోరే చూస్తుంది.

'సినిమాకొచ్చినట్టు చూస్తాండాది చూడు, సిగ్గులేనిది,' అని కుప్పమ్మ చప్పుడు లేకుండా తిట్టేది. కాఫీలో చక్కెర లేదని తిట్టేది. కాసేపటికి చక్కెర వచ్చేది. నీళ్ళు కాగలేదని తిట్టేది. పొయ్యి మండేది. పిల్ల మందమతి అయినా చేతికి కాస్త తెలివుంది అనుకునేదే తప్ప, ఇంకో ఆలోచన ఆమెకు రాలేదు. వినే దిక్కు లేదన్న ధైర్యంతో ఒకనాడు ఇంకా పెద్ద మాటే అనేసింది: 'నువ్వు కాలు పెట్టినాకనే నా గొంతు పాయె. పాడుకాలు నీది.' రంజని ఆ పూట అన్నం తినలేదు. తలనొప్పేమో అనుకుంది కుప్పమ్మ.

చివరికి కబురొచ్చింది. ముగ్గురూ వేలూరు బస్సెక్కారు.

ఆసుపత్రిలో మాట నేర్పే అమ్మ టార్చిలైటంత మిషను చేతిలో పెట్టింది. శక్తివేల్‌కు ఒక అనుమానం. "ఫారిన్‌ది కదక్కా, దీనికి తెలుగు వస్తుందా?" అని అరవంలో అడిగాడు.

ఆమె నవ్వింది. "దీనికి ఏ భాషా రాదు. బుర్రుమంటుంది, అంతే. మాట మీ అమ్మ నోట్లోనే ఉంది."

కుప్పమ్మ మిషనును మెడకు నొక్కి మాట్లాడింది. ఎగుడూ దిగుడూ లేని ఒకటే రొద వచ్చింది. శక్తివేల్ బిక్కమొహం వేశాడు. మళ్ళీ అంది. వాడికి మళ్ళీ అర్థం కాలేదు. కుప్పమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి. దీనికోసమా, ఇన్నాళ్ళు ప్రాణాలుగ్గబట్టుకుని కాచుకుంది దీనికోసమా!

ఎదురుగా నిలబడ్డ రంజని అప్పుడు నోరు తెరిచింది. "'ఈ గురకపెట్టే డబ్బా కోసమా నన్ను ఇన్నినాళ్ళు కూసోబెట్టినారు' అంటాండాది."

తెలుగు! మూడేళ్ళుగా ఇంట్లో వింటూ పట్టుకున్న శుభ్రమైన తెలుగు, అచ్చం కుప్పమ్మ విసురుతో సహా. శక్తివేల్ నోరెళ్ళబెట్టాడు. మాట నేర్పే అమ్మ కొన్నాళ్ళు అలవాటు చేస్తే అందరికీ అర్థమవుతుందని చెబుతూనే ఉంది, కుప్పమ్మకు ఒక్క ముక్క చెవికెక్కలేదు. ఆ చక్కెరా, ఆ వేణ్ణీళ్ళూ, ఆ పూట తినని అన్నమూ, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి మిషనును సంచిలో దాచేసింది.

తిరుగు బస్సులో శక్తివేల్‌కు ముందు సీటు దొరికింది. అత్తాకోడళ్ళు వెనక పక్కపక్కనే కూర్చున్నారు. కుప్పమ్మ కోడలి గడ్డం పట్టి తనవైపు తిప్పుకుంది. మిషను లేకుండా, ఉత్త పెదాలతో అడిగింది: 'అన్నీ తెలిసినాయా?'

"తెలిసినాయి అత్తా."

'ఆ మాట కూడానా?'

"ఆ మాట కూడా."

'మరి ఎందుకు ఊరకుంటివే?'

రంజని కొంగు కొస వేలికి చుట్టుకుంది. "ఆపరేషనైన కొత్తలో గోడవైపు తిరిగి పండుకోని నోరే కదపలేదు నువ్వు. అప్పుడు శానా భయమేసె. తిట్టేది మొదలుపెట్టినాక, సరే, అత్త బతికిందిలే అనుకుంటిని." అంతే చెప్పి మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది. భుజాలు అదురుతున్నాయి.

కుప్పమ్మ పెదాలు కదిపింది. తిరిగి ఉన్న మొహానికి పెదాలేం కనిపిస్తాయి? చెయ్యి పట్టి లాగినా ఆ పిల్ల తిరగలేదు. గుంపునంతా ఆడించిన మనిషికి ఒక్క మాట చేరవేయడం చేతకాలేదు.

సంచిలోంచి మిషను తీసి మెడకు ఆనించుకుంది. ఒక్కో మాటా విడదీసి అంది. "ఆ. మాట. తప్పు."

బుర్రుమన్న ఆ చప్పుడుకు బస్సంతా వెనక్కి తిరిగి చూసింది. రంజని మాత్రం తిరగలేదు.

"సరిగా ఇనపడలేదు అత్తా," అంది కిటికీ బయటికి చూస్తూనే. "ఇంకోసారి చెప్పు."

చెప్పిన మాట రెండోసారి చెప్పడం జన్మలో ఎరగని కుప్పమ్మ, అందరూ చూస్తుండగా, మళ్ళీ చెప్పింది.