యేసోబు బాత్రూము గోడకు నాలుగు రంధ్రాలు

2018 ఎండాకాలం. నల్లగొండ బస్టాండు వెనక సందులో నా దుకాణం. కరెంటు పనిముట్లు అమ్మడం, చెడిపోయినవి బాగు చేయడం నా వృత్తి. అప్పటికే అందులో ముప్పై ఏళ్లు దాటాయి. ఐదో తరగతిలో బడి మానేసి గొర్లు కాసినవాణ్ణి. మిషన్ల డబ్బాల్లో వచ్చే కాగితాలు కూడబలుక్కొని చదివి, విప్పి, బిగించి, వేళ్లు కాల్చుకొని నేర్చుకున్నాను. అట్లా నేర్చుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. తనకు తెలిసిన విషయంలో ఇంకొకరిని ఏమీ అడగబుద్ధి కాదు.

ఒక మధ్యాహ్నం సువార్త వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. ఆడపిల్లల హాస్టల్‌లో వంట చేస్తుంది. దేవరకొండ రోడ్డు మీది ఒక ఊళ్లో కొత్తగా రెండు గదుల ఇల్లు కట్టుకుంది. తండ్రి యేసోబు ఆమె దగ్గరే ఉంటాడు. బావి నీళ్లు, బోరు నీళ్లు తాగి తాగి వంగిపోయిన మనిషి. ఫ్లోరైడు ఎముకల్ని ఏం చేస్తుందో మా జిల్లాలో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆయనకు మెడ తిరగదు, మోచెయ్యి పూర్తిగా చాపలేడు, కూర్చుంటే లేవలేడు. ఇప్పుడు నల్లాల్లో మంచినీళ్లు వస్తున్నాయి, సంతోషమే. కానీ ఆ ఎముకలు మళ్లీ చక్కబడవు. ఎన్ని దరఖాస్తులు పెట్టారో, ఎందరు పెద్దమనుషులు వచ్చి ఇట్లాంటి వాళ్లను నిలబెట్టి ఫోటోలు దిగి పోయారో నాకు బాగా గుర్తుంది. ఆ ఫోటోల్లో ఉన్నవాళ్లు బాత్రూముకు ఎట్లా పోతున్నారని అడిగినవాణ్ణి మాత్రం నేను చూడలేదు.

సువార్త బాత్రూములో బిగించడానికి ఒక స్టీలు కడ్డీ కొన్నది. గ్రాబ్ బార్ అంటారు, పట్టుకొని లేవడానికి. దానికి గోడలో నాలుగు రంధ్రాలు కావాలి, ఒక్కో కొసకు రెండు. అవి కొట్టే డ్రిల్ మిషన్ కావాలంది. మిషన్ ఎందుకు కొనడం, పనివాణ్ణి పిలవరాదా అన్నాను.

“ముగ్గుర్ని అడిగిన కాకా. నాలుగు హోల్స్ కోసం గంత దూరం ఎవడొస్తడని మొఖం మీదనే అన్నరు. నేనే కొట్టుకుంట. రెండు వేలు దాటకుంట ఒకటి చూపియ్యి.”

నాకు ఒళ్లు మండింది. ఇల్లంతా పని ఉంటే పొద్దున్నే వాకిట్లో నిలబడతారు. ఒక ముసలాయన లేచి నిలబడడానికి నాలుగు రంధ్రాలంటే దూరమైపోతుంది. అప్పటికే ఇంకో దుకాణంలో ఆమెకు మామూలు డ్రిల్ ఒకటి అంటగట్టబోయారట. డబ్బా మీద వాట్లు పెద్ద అక్షరాల్లో ఉంటాయి, కొనేవాళ్లు అది చూసి మోసపోతారు. మామూలు డ్రిల్ తిరుగుతుంది, అంతే. కట్టెకు, రేకుకు చాలు. కాంక్రీటు మీద పెడితే బిట్టు, అంటే రంధ్రం చేసే ములుకు, ఎర్రగా కాలుతుంది తప్ప లోపలికి పోదు. హ్యామర్ డ్రిల్ తిరుగుతూనే ముందుకు కొడుతుంది. లోపల పళ్లున్న రెండు చక్రాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి దిగుతూ నిమిషానికి వేల దెబ్బలు వేస్తాయి. రోటరీ హ్యామర్ అని ఇంకా బలమైనది ఉంది కానీ ధర ఎక్కువ, బరువు ఎక్కువ. రోజూ స్లాబులు తొలిచేవాళ్లకు అది. ఇంటి పనికి పదమూడు మిల్లీమీటర్ల చక్ ఉన్న హ్యామర్ డ్రిల్ సరిపోతుంది. చక్ అంటే బిట్టును కరిచి పట్టుకునే భాగం. పక్కన రెండో చేతికి పిడి ఉండాలి, రంధ్రం లోతు కొలిచే కడ్డీ ఉండాలి, స్పీడు తగ్గించుకునే వీలుండాలి. ఈ నాలుగూ చూసుకుంటే చవకది కూడా మోసం చేయదు. మిషన్‌లో మిగిల్చిన డబ్బుతో మంచి బిట్టు కొనమని నేను ఎవరికైనా చెప్తాను.

నా దుకాణంలో ఒక అలవాటు ఉంది. బిల్డింగులు కట్టేచోట కాంక్రీటు బలం చూడడానికి చదరంగా పోసే దిమ్మ ఒకటి తెచ్చి పెట్టుకున్నాను. మిషన్ కొనే ప్రతి మనిషితో దాని మీద ఒక రంధ్రం కొట్టిస్తాను. సువార్త మొదట భయపడింది. రెండో రంధ్రం నాకంటే నిటారుగా కొట్టింది. గోడ దేనితో కట్టారని అడిగితే సిమెంటు ఇటుకలని చెప్పింది. తల ఊపాను. మిషన్ మీద చిన్న మీట ఉంటుంది. ఒకవైపు బిట్టు బొమ్మ, అంటే వట్టిగా తిరగడం. ఇంకోవైపు సుత్తె బొమ్మ, కొడుతూ తిరగడం.

“సుత్తె గుర్తు మీద పెట్టినంక ఇగ దాన్ని కదిలియ్యకు బిడ్డా,” అన్నాను. ఆ మాట నాది. ఇన్నేళ్లయినా దాన్ని ఇంకొకరి మీదికి నెట్టలేను.

పది రోజులకు ఆమె మళ్లీ వచ్చింది. సంచిలోంచి స్టీలు కడ్డీ తీసి బల్ల మీద పెట్టింది. రెండు కొసలకూ స్క్రూలు, వాటికి పట్టు కోసం రంధ్రంలో దూర్చే ప్లాస్టిక్ ప్లగ్గులు, ప్లగ్గులకు అంటుకొని బూడిదరంగు పెళ్లలు. నేను అడగకముందే చెప్పింది. మూడు రోజులు బాగానే ఉందట. నాలుగో రోజు యేసోబు పట్టుకొని లేస్తుంటే గోడ పెళ్లతో సహా ఊడి వచ్చింది. ఆయన పక్కకు పడ్డాడు. దవాఖానలో ఎముక విరగలేదన్నారు. తొడంతా నల్లగా కమిలింది.

మిషన్ వాపసు తీసుకొమ్మంటుందేమో అనుకున్నాను. ఆమె దాని మాటే ఎత్తలేదు.

“బాపు నీళ్లు తాగుడు బంద్ చేసిండు కాకా. నేను డ్యూటీకి పోయినంక బాత్రూముకు పోవాల్సొస్తే ఎవరు లేపుతరని పొద్దటి సంది నోరు తడుపుకుంటలేడు. కడ్డీ మళ్ల పెడ్తనంటే వద్దంటుండు. అది చెప్పనీకె వచ్చిన.”

గోడ కట్టిన మేస్త్రీని తిట్టాలనిపించింది, తిట్టాను కూడా. బల్ల మీది పెళ్లను చేతిలోకి తీసుకున్నాక నా నోరు ఆగింది. మందం బొటనవేలంత లేదు. ఒకవైపు నున్నగా ఉంది. హాలో బ్రిక్. కంకరపొడి, సిమెంటు కలిపి అచ్చులో పోసే ఇటుక, లోపల రెండు ఖాళీలు ఉంటాయి. చుట్టూ పెంకు మాత్రమే గట్టి. అట్లాంటి గోడ మీద హ్యామర్ పెడితే పెంకు వెనకవైపు పగిలి లోపలికి రాలిపోతుంది. బయటికి రంధ్రం చక్కగానే కనబడుతుంది. ప్లగ్గు పట్టుకోవడానికి వెనక ఏమీ ఉండదు. సిమెంటు ఇటుకలంటే నిండువా బోలువా అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగకుండా నా దిమ్మ మీద రంధ్రాలు కొట్టించి సంబరపడ్డాను. అందులో మేస్త్రీ తప్పు లేదు. గదుల మధ్య గోడకు హాలో బ్రిక్ వాడడం నేరం కాదు.

మరుసటి ఆదివారం వాళ్లు చర్చి నుంచి వచ్చే వేళకు దుకాణం మూసి, పొడుగు బిట్లు, బోల్టులు, ఒక ఇనుప పట్టీ వేసుకొని పోయాను. యేసోబు మంచం మీద ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. నన్ను చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి, తిప్పాడు.

“నువ్వేనా సేటూ మిషన్ అమ్మినోనివి?”

“నేనే అన్నా. తప్పు నాదే. బిడ్డది కాదు.”

“బిడ్డది అని ఎవలన్నరు?” అన్నాడు.

నేను బాత్రూములోకి పోయి నా పద్ధతిలో టేపు పెట్టి కొలవడం మొదలుపెట్టాను. నల్లా పైపు ఎటు పోతుందో చూసి దాని పైనా కిందా వదిలేశాను. గోడ ఎక్కడ గట్టిగా ఉందో తెలియడానికి ఒక పరీక్ష రంధ్రం కొట్టాలనుకున్నాను. మిషన్ తిప్పి చూసిన చప్పుడుకు యేసోబు సువార్త భుజం పట్టుకొని మెల్లగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆపమన్నాడు. చేతికర్ర తిప్పి పట్టుకొని గోడను ఒక చివర నుంచి తట్టుకుంటూ వచ్చాడు. ఆయన చెవి గోడకు జానెడు దూరంలో ఉంది, వంగిపోయిన ఒళ్లు కదా.

“గీడ బోలు. గీడ బోలు. గిది ఇటుకకు ఇటుకకు నడిమి సందు.” మూలకు వచ్చాక కర్ర ఆగింది. “గిది నిండు. కిందికెల్లి మీదిదాంక నిండే.”

అది కాంక్రీటు పిల్లర్. పైన పూసిన సిమెంటు గిలాబు కింద కనబడడం లేదు.

అప్పుడు తెలిసింది నాకు. యేసోబు అచ్చంపేట దిక్కు నుంచి కూలికి వచ్చి మా వైపు ఇరవై ఏళ్లు బావులు తవ్వినవాడు. బండను పేల్చే మందు తూటా పెట్టడానికి చేత్తో రంధ్రం కొట్టేవాళ్లట. ఒకడు ఉలి పట్టుకోవాలి, ఇంకొకడు సమ్మెటతో కొట్టాలి. దెబ్బ దెబ్బకు ఉలిని కొంచెం తిప్పాలి, తిప్పకపోతే ఇరుక్కుంటుంది. ఆయన ఉలి పట్టేవాడు. లోపల నెర్రె తగిలితే దెబ్బ చప్పుడు మారుతుందని, అక్కడ కొట్టుడు ఆపి ఉత్తగా తిప్పాలని చెప్పాడు. నేను నా దుకాణంలో మీట చూపించి చెప్పే చదువంతా ఆ మనిషి చేతులతో చేసినవాడు. తవ్విన బావుల పక్కనే కాపురం పెట్టి, అక్కడి నీళ్లే తాగి ఇట్లా అయ్యాడు.

“మరి మొదటిసారి హోల్స్ కొట్టంగ బిడ్డకు చెప్పకపోతివి?” అన్నాను.

“నన్నెవలు అడిగిండ్రు? మిషన్ల సంగతి సేటుకు ఎరుక అన్నది.”

కడ్డీ ఎత్తు కూడా ఆయన్నే పెట్టమన్నాను. మొదటిసారి సువార్త కడ్డీ డబ్బా మీది బొమ్మ చూసి, నిటారుగా నిలబడే మనిషి ఎత్తులో పెట్టింది. దానికి ఆయన వేలాడినంత పనయ్యేది. ఈసారి ఆయన కూర్చొని, ముంజెయ్యి ఎక్కడ ఆనితే బలం వస్తుందో చూపించాడు. నేననుకున్న చోటుకు దాదాపు అరగజం కింద. బొగ్గుతో గీత గీశాను.

ఒక కొస పిల్లర్‌కు వచ్చింది. అక్కడ సుత్తె గుర్తు మీద పెట్టి కొట్టి, బిగించేకొద్దీ లోపల విచ్చుకునే యాంకర్ బోల్టులు వేశాను. రెండో కొస బోలు గోడకు. అక్కడ మీట వట్టి తిప్పుడు మీదికి మార్చి, స్పీడు తగ్గించి, గోడ అవతలిదాకా రంధ్రాలు తీశాను. పొడుగు బోల్టులు దూర్చి, అవతలి గదిలో ఇనుప పట్టీ పెట్టి నట్లు బిగించాను. ఇప్పుడు ఆ బరువు పెంకు మీద కాదు, పట్టీ మీద. ఆ రెండు రంధ్రాలూ సువార్తే కొట్టింది. మీట ఎందుకు మారుస్తున్నామో ఈసారి చెప్పి కొట్టించాను.

అయిపోయాక నేను కడ్డీ పట్టుకొని నా బరువంతా వేశాను. యేసోబు తృప్తి పడలేదు.

“గట్ల కాదు. నా లెక్క గుంజు.”

ఎట్లాగో చూపించాడు. మోచెయ్యి ముడిచే ఉంచి, పక్కకు ఒక్క ఊపున గుంజాలి. ఆయన లేవడం అట్లాగే. నేను నడుము వంచి, చెయ్యి ముడిచి, ఆయన చెప్పినట్టు పదిసార్లు గుంజాను. నా నడుమే కలుక్కుమంది. సువార్త మొదటిసారి నవ్వింది. “కాకకు గూడ ఒకటి పెట్టాలె బాపూ,” అన్నది. ఆయన నవ్వలేదు. కర్రతో కడ్డీని ఒకసారి, పిల్లర్‌ను ఒకసారి తట్టి విన్నాడు.

ఆ తర్వాత నా దుకాణంలో కొన్ని మార్చాను. దిమ్మ పక్కన ఒక హాలో బ్రిక్, ఒక ఎర్ర ఇటుక పెట్టాను. మిషన్ అడిగినవాళ్లను మొదట మిషన్ సంగతి అడగడం మానేశాను. గోడ ఏందని అడుగుతాను, ఆ కడ్డీనో అలమారనో వాడేది ఎవరని అడుగుతాను, వీలైతే వాళ్లనే తీసుకురమ్మంటాను. చాలామందికి విసుగు. పక్క దుకాణానికి పోయేవాళ్లు పోతారు. చవక మిషన్ ఏదని ఎవరైనా చెప్పగలరు. ఎవరి బరువు దాని మీద పడుతుందో ఆ మనిషికి తెలిసింది నాకు తెలియదని ఒప్పుకోవడానికి మాత్రం నాకు అరవై ఆరేళ్లు పట్టింది.

ఆ ఆదివారం యేసోబు ఒక చెంబు నీళ్లు అడిగి, బాత్రూము గోడకు ఆనుకొని నిలబడే తాగాడు. మేము ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. ఆయన ఖాళీ చెంబు సువార్తకు ఇచ్చి, “ఇగ బయటికి పోండ్రి,” అన్నాడు. ఆమె అలవాటుగా ఆయన్ను పట్టుకోవడానికి అడుగు వేసింది. ఆయన వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. మేము అవతలికి వచ్చాక తలుపు మూసి, లోపలి నుంచి గడియ పెట్టుకున్నాడు.