అక్క కట్టేసిన మేక

నా చిన్నప్పటి సంగతి ఒకటి మా వాడలో ఇప్పటికీ తప్పుగానే చెప్పుకుంటున్నారు. పక్కింటి అక్క మేకను కట్టేయడం మరిచిపోయిందట, ఆ మేక వెళ్లి వాళ్ల బాపు తెచ్చిన అనాస చెట్టు పూతను కొరికేసిందట. విన్నవాళ్లంతా నవ్వుతారు. నలభై ఏళ్లుగా నేనూ వాళ్లతో కలిసి నవ్వుతూ వచ్చాను. ఆ రోజు అక్క మేకను కట్టేసిందని తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే. అప్పుడు చెప్పలేదు. తర్వాత చెప్పడానికి ఎన్నో సందర్భాలు వచ్చినా చెప్పలేదు.

మాది ఆత్మకూరు దగ్గర ఒక ఊరు. మా ఇంటికీ పక్కింటికీ మధ్య మోకాలెత్తు గోడ ఉండేది. దాన్ని దాటడానికి మాకు గేటు అవసరం పడలేదు. వాళ్లు గొర్లు, మేకలు కాచుకునేవాళ్లు. ఆ ఇంటి పెద్దను, అంటే అక్క వాళ్ల నాన్నను, నేను పెదనాయిన అని పిలిచేవాణ్ణి. పంట పని అయిపోగానే ఆయన కూలీల ముఠాతో కలిసి ఎక్కడెక్కడో ప్రాజెక్టు పనులకు పోయేవాడు. మళ్లీ ఉగాదికి వచ్చేవాడు. ఒక ఏడాది పడమటి సముద్రం దిక్కు కొండల్లో పని చేసి వస్తూ, తువ్వాలలో మూట కట్టి ఒక అనాస పండు తెచ్చాడు. మా వాడలో అలాంటి పండును చూడటం అందరికీ అదే మొదలు.

"గిదేం పండురా, తేనెతుట్టెకు జుట్టు మొలిచినట్టున్నది" అంది మా అవ్వ.

పెదనాయిన గడపలో కూర్చుని పండు కోశాడు. అందరికీ తలా ఒక ముక్క పెట్టాడు. నేను నా ముక్కను నమలకుండా నాలుకతో తడుముతూ కూర్చున్నాను. సీతాఫలాల సీమలో పుట్టినవాణ్ణి మరి. మాకు పండు తినడమంటే గింజలు ఊయడమే. కన్ను కన్నుకూ ఒక గింజ ఉంటుంది, ఎవరు ఎక్కువ దూరం ఊస్తే వాళ్లు గెలిచినట్టు. ఈ పండుకూ ఒళ్లంతా కళ్లే ఉన్నాయి గానీ ఒక్క గింజా తగల్లేదు.

"పెదనాయినా, గింజలేవి?"

"నువ్వే మింగినవేమో చూసుకో. కడుపుల చెట్టు లేస్తే చెప్పు, నీళ్లు పోస్తం" అన్నాడాయన. అందరూ నవ్వారు. అక్క అందరికంటే ఎక్కువ నవ్వింది. అక్కకు అప్పుడు పద్నాలుగేళ్లు ఉంటాయేమో, నాకు తొమ్మిది.

నవ్వులు అయ్యాక ఆయన పండు మీది ఆకుల జుట్టును చేతిలోకి తీసుకున్నాడు. "ఇది పారేస్తరా ఎవరన్న? దీనికి గింజ గిదే" అన్నాడు. దాన్ని తలకిందులుగా దూలానికి వేలాడదీసి వారం రోజులు ఆరనిచ్చాడు. తర్వాత కింది ఆకులు నాలుగు వరసలు పీకి, లోపల చీమతలకాయల్లా బయటపడిన వేరు మొలకలు మాకు చూపించాడు. మునగచెట్టు నీడలో, స్నానాల నీళ్లు పారే జాలారికి కొంచెం ఎడంగా నాటాడు. నీళ్లు నిలిస్తే కుళ్లిపోతుందట, నీళ్లు అందకపోతే ఎండిపోతుందట.

"రెండేండ్లు పడ్తది బిడ్డా. అప్పటికి నా పని గూడ ఒడుస్తది. పండు నేనొచ్చి కోస్త. అందాక ఇది నీ జిమ్మ" అని అక్కకు అప్పగించి, మళ్లీ పనికి పోయాడు.

అక్క ఆ చెట్టును ఎట్లా చూసుకుందో చెప్పాలంటే ఒక్క మాట చాలు. ఆ రెండేళ్లూ మా వాడలో మేకలకు స్వేచ్ఛ లేదు. మంద పొద్దున్నే అడవికి పోయేది. కాలు కుంటిదైన ఒక కర్రె మేక మాత్రం ఇంటి దగ్గరే ఉండేది. దాన్ని అక్క పెరటి గుంజకు తలుగుతో రెండు ముడులు వేసి కట్టేది. ఒక ముడి వేసేది, లాగి చూసేది, రెండోది వేసేది. చెట్టు ఆకులు దోసిలి పట్టినట్టు ఉంటాయి కదా, ఎండాకాలం సాయంత్రాలు ఆ దోసిట్లో చెంబుతో నీళ్లు పోసేది. ఆకు అంచుల ముళ్లకు ఆమె చేతులు ఎప్పుడూ గీరుకుపోయి ఉండేవి.

మూడో ఎండాకాలం మొదట్లో ఆకుల నడుమ ఎర్రగా ఏదో కనిపించింది. నాలుగు రోజులకు అది కంకిలా పైకి లేచింది. తర్వాత దాని చుట్టూ కింది వరస నుంచి మొదలై ఊదారంగు పూలు విచ్చుకున్నాయి. పొద్దున విచ్చినవి మర్నాటికి వాడిపోయేవి. వాటి పై వరసలో కొత్తవి విచ్చుకునేవి. అక్క రోజూ లేవగానే పోయి లెక్కపెట్టేది. "ఇయ్యాల పదకొండు" అని గోడ మీది నుంచి నాకు చెప్పేది. పూవు వాడిన చోటల్లా ఒక చిన్న కన్ను గట్టిపడుతూ వచ్చింది. అప్పుడు అర్థమైంది మాకు, అది ఒక పండు కాదని. పువ్వుకొకటి చొప్పున నూరు చిన్న పండ్లు ఒకదానికొకటి అతుక్కుని ఒక పండవుతున్నాయి.

అక్క చెబుతుంటే నేనే పెదనాయినకు కార్డు రాశాను. "బాపు, చెట్టుకు పండు పడ్డది. నువ్వు చెప్పినట్టే చూసుకున్న. పండుగకు రా" అని. ఆ కార్డును డబ్బాలో వేసింది కూడా నేనే.

తప్పు చేసిందీ నేనే. పల్లికాయ పీకే రోజులు. రెండిళ్లవాళ్లూ చేనుకు పోయారు. నేను మధ్యాహ్నం బడి నుంచి జారుకుని గోడ దూకాను. నా ఆలోచన పెద్దదే. కన్ను కన్నుకూ గింజ ఉండాలి. పెద్ద పండులో లేవంటే ముదిరే లోపల కరిగిపోయి ఉంటాయి. కాబట్టి లేతగా ఉన్నప్పుడే తీయాలి. తీసి మా చేను గట్టంతా నాటితే ఒక్క చెట్టు కాదు, తోటే లేస్తుంది. పెదనాయిన వచ్చేసరికి తోట చూపించొచ్చు. ఆ పదకొండేళ్ల బుర్రకు ఇందులో తప్పేమీ కనిపించలేదు. ఒక్క గింజ తీసుకుని మళ్లీ మూసేయొచ్చనుకున్నాను. ఎట్లా మూస్తానో ఆలోచించలేదు.

కొడవలి పెట్టగానే జామకాయంత కంకి కాడతో సహా తెగి చేతికొచ్చింది. చీల్చి చూశాను. తెల్లగా, నారగా, పుల్లగా ఉంది. గింజ లేదు. ఇంకో కన్ను చీల్చాను, దాంట్లోనూ లేదు. అంతా చీల్చాను. రసం అంటిన వేళ్లు దురద పెట్టడం మొదలైంది. చెట్టు వైపు చూస్తే నడుమ మొండి కాడ ఒక్కటే ఉంది.

అప్పుడు మేక అరిచింది. నేను పోయి దాని తలుగు విప్పాను. రెండు ముడులు. రెండోది బిగుసుకుపోయి ఉంటే పళ్లతో లాగి విప్పాను. ఆ తాడు రుచి ఇంకా నాకు గుర్తుంది. మేకను చెట్టు దగ్గరికి తోలి, ముక్కలు దాని ముందు వేశాను. అది ఎంతో ఆనందంగా అన్నీ తినేసి, నా చొక్కా అంచు కూడా కొరికి చూసింది.

సాయంత్రం అక్క అమ్మ కేక విని వాడంతా పోగైంది. మేక చెట్టు పక్కనే పడుకుని నెమరు వేస్తోంది. ఇక సాక్ష్యం ఎందుకు?

"నేను కట్టేసిన అమ్మా. రెండు ముడులేసిన" అంది అక్క.

"కట్టేస్తే తలుగు దానంతట అదే ఇప్పుకున్నదా? మేకకు చేతులున్నయా?"

"రెండు ముడులేసిన" అని అక్క మళ్లీ అంది. ఈసారి కొంచెం నెమ్మదిగా అంది. గుంజ దగ్గరికి పోయి తలుగును చేతిలోకి తీసుకుని చూసింది. నేను మా అవ్వ వెనక నిలబడి, గీరుకుపోయిన చేతులు వీపు వెనక దాచుకున్నాను. ఎవరన్నా అడిగితే రేగుముళ్లు అని చెబుదామనుకున్నాను. ఎవరూ అడగలేదు.

ఉగాదికి ముందురోజు పెదనాయిన వచ్చాడు. పెట్టె దించకుండానే పెరట్లోకి పోయాడు. అక్క వెనకే నిలబడింది, ముఖం ఎత్తలేదు. ఆయన మొండి కాడను చూశాడు, మోకాళ్ల మీద కూర్చుని కింది ఆకులు పక్కకు జరిపి తొంగి చూశాడు. నవ్వడం మొదలుపెట్టాడు.

"పిచ్చిదానా, దీనికేమైంది? ఇగో చూడు, ఒకటి, రెండు, మూడు."

కాండం మొదట్లో మూడు పిలకలు, వేలెడంత పొడవున, పక్షిపిల్లల ముక్కుల్లా బయటికి వచ్చి ఉన్నాయి. ఆయన మమ్మల్నిద్దరినీ దగ్గరికి పిలిచి చూపించాడు. "ఇది ఒక్కసారే కాస్తది. కాసినంక తల్లి ఎట్లైనా పోవాల్సిందే. పండు పోతే పోయింది, తల పోయేసరికి తొందరపడి పిలకలేసింది. గివి బిడ్డలు గూడ కావు, గదే చెట్టు. ఒక్క పండు పోయి మూడు పండ్లొస్తయ్. మేకకు మనమే మొక్కాలె."

నా గుండె మీది బండ దిగిపోయింది. నిజం చెప్పడానికి అంత మంచి సమయం మళ్లీ దొరకదు. నోరు తెరిచాను కూడా. అంతలో ఆయన అక్క తల నిమిరి, "మేకను జర గట్టిగ కట్టు బిడ్డా" అన్నాడు.

"కట్టిన బాపు."

"సరే బిడ్డా. మర్చిపోతం, అందరం మర్చిపోతం." ఎంతో ప్రేమగా అన్నాడు. ఆ ప్రేమలో అక్క మాటను ఆయన కూడా నమ్మలేదని అక్కకు తెలిసింది, నాకూ తెలిసింది. నేను నోరు మూసుకున్నాను.

ఆ పిలకల్లో ఒకటి అక్కడే ఉంచారు, ఒకటి మా ఇంటికిచ్చారు, ఒకటి బావి గడ్డ మీద నాటారు. జుట్టు నాటినంత ఆలస్యం కాలేదు, పిలకలు త్వరగానే కాశాయి. ఒకే ఎండాకాలం మూడు పండ్లు. వాడంతా అరుగుల మీద కూర్చుని చేతుల మీద రసం కారుతుండగా తిన్నాం. మా అవ్వ తేనెతుట్టె మాటను వెనక్కి తీసుకుంది. పెదనాయిన నన్ను చూసి, "గింజ దొరికిందారా?" అని అడిగాడు. తర్వాత చాలా ఏళ్లకు ఒక వ్యవసాయాధికారి చెబితే తెలిసింది. అనాసకు తన పుప్పొడి తనకు పట్టదట. పిలకలన్నీ ఒకే చెట్టు కాబట్టి వాటి మధ్య కూడా గింజ కట్టదట. వేరే జాతి పుప్పొడి వచ్చి పడితేనే నలకంత గింజ అవుతుందట. నా తోట కల మొదటి నుంచీ అబద్ధమే.

అక్క మేక మాత్రం వాడలో సామెత అయింది. ఎవరింట్లో ఏం పోయినా "అక్క మేక తిన్నది" అనేవాళ్లు. అక్క మొదట్లో కోపగించుకునేది, తర్వాత నవ్వేది. పెళ్లయి, ఒక పిలకను గంపలో పెట్టుకుని అత్తగారి ఊరికి పోయింది. పెదనాయిన పోయాడు, మా అవ్వ పోయింది. నేను జడ్చర్లలో మోటార్లకు వైండింగ్ చేసే షాపు పెట్టుకున్నాను.

రాష్ట్రం వచ్చిన తర్వాత ఒక ఆషాఢంలో అక్క ఫోన్ చేసింది. బోరు మోటారు కాలిపోయిందని, పనిలో పనిగా పండు తిని పొమ్మని. పోయాను. ఇంటి వెనక నీళ్ల తొట్టి పక్కన ముప్పై దాకా అనాస చెట్లు. అన్నీ ఆ ఒక్క చెట్టే. అక్క జుట్టు నెరిసింది, చేతుల మీద గీతలు మాత్రం అట్లాగే ఉన్నాయి.

బోరులోంచి మోటారు పైకి తీయడానికి పొలానికి బయలుదేరాం. అక్క తలుపుకు తాళం వేసింది, లాగి చూసింది. నాలుగడుగులు వేసి వెనక్కి పోయి మళ్లీ లాగింది. వీధి మలుపు దాకా వచ్చాక మూడోసారి పోయింది. ఆమె మనవరాలు నాతో నవ్వుతూ, "అవ్వ గంతే తాతా, పొయ్యి గూడ మూడుసార్లు చూస్తది" అంది.

అక్క వచ్చి, "నవ్వకే. నాకు నా మీద నమ్మకం లేదు. చిన్నప్పుడు మేకను కట్టేసిన అని ఒట్టేసి చెప్పినదాన్ని. రెండు ముడులు నా కండ్లకు గట్ల కనపడ్తుండె. కట్టెయ్యనే లేదు. మనసు గంత మోసం చేస్తది" అంది.

నలభై ఏళ్లుగా ఆ మేక అందరికీ నవ్వులాట అనుకున్నాను. ఆమె తన కళ్లనే నమ్మడం మానేసిందని నాకు తెలియదు. ఆ వీధి మలుపులోనే, చేతిలో రెంచితో, చెప్పేశాను. పళ్లతో లాగి విప్పిన రెండో ముడి దాకా అంతా చెప్పాను.

అక్క తన చేతిలోని తాళంచెవిని చూసుకుంది. తర్వాత, "రెండు ముడులున్నయా?" అని అడిగింది.

"రెండున్నయి."

"నేను చెప్తనే ఉన్న గద, బాపూ" అంది. నాతో కాదు. తర్వాత నా వీపు మీద ఒక్కటి గట్టిగా చరిచింది. కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆ సాయంత్రం నన్ను ఊరికే వదల్లేదు. బావ ముందు ఒకసారి, కోడలి ముందు ఒకసారి, ఫోన్‌లో తన తమ్ముడికి ఒకసారి, చివరికి కొట్టంలోని మేకల ముందు ఒకసారి నాతో చెప్పించింది. మేకలు పట్టించుకోలేదు. వచ్చేటప్పుడు ఒక పిలక చేతిలో పెట్టింది. ఆ రాత్రి తాళం ఒక్కసారే వేసిందని మర్నాడు మనవరాలు ఫోన్ చేసి చెప్పింది.

ఆ పిలక ఇప్పుడు మా షాపు వెనక ఉంది. నీళ్లు పోసినప్పుడల్లా చేయి గీరుకుంటుంది, గీరుకోనిస్తాను. మా వాడలో ఆ కథ ఇంకా పాత తీరుగానే చెప్పుకుంటున్నారు కాబట్టి, ఆ రోజు మేకల కొట్టంలో అన్న మాటనే అందరికీ వినబడేలా ఇక్కడ రాస్తున్నాను.

అక్కా, గా దినం నువ్వు మేకను కట్టేసినవ్. ఇప్పింది నేను. తప్పైంది.