ఆరో నంబరు పలకలేదు

మా పనిలో స్టేషన్ అంటే రైలు ఆగేది కాదు. ఫ్యాక్టరీలో మోటార్ల పక్కన ఇనప పెట్టెల్లో ఉండే అరచేతంత యంత్రం. ప్రతిదానికీ ఒక నంబరు ఉంటుంది. కంట్రోల్ రూములోని పెద్ద యంత్రం బళ్లో హాజరు వేసినట్టు ఒక్కో నంబరునీ పిలుస్తుంది. పిలిచిన రెప్పపాటులో పలకాలి. ఒక్కటి పలకకపోయినా లైను మొత్తం ఆగిపోతుంది. ఎందుకు పలకలేదో కనిపెట్టి మళ్లీ పలికించడం నా ఉద్యోగం. ఉండేది బాపట్లలో, తిరిగేది రేపల్లె దాకా.

కేబుల్ పని తెనాలి బాబాయిది. చుట్టరికమేమీ లేదు, ఇంట్లో ఉర్దూ మాట్లాడే మనిషి. నేను చేరిన కొత్తలో ఆడపిల్లనని మిల్లుల వాళ్లు నన్ను నిచ్చెన దగ్గరికి కూడా రానిచ్చేవాళ్లు కాదు. "ఎక్కనీండయ్యా, పడితే నేను పట్టుకుంటాలే," అన్నది ఆయనే. కేబుల్ తోలు ఎంత ఒలవాలో, జాయింటు వేశాక ఒకసారి లాగి ఎందుకు చూడాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నోటి దురుసు మాత్రం నా సొంతం.

రెండేళ్ల కిందటి వేసవిలో, రేపల్లె నుంచి పెనుమూడి వెళ్లే దారిలో ఉన్న ఒక రొయ్యల మేత ఫ్యాక్టరీలో పిడుగుపాటుకి ఆరో నంబరు స్టేషన్ సగం కాలింది. వెళ్లి కొత్తది బిగించి వచ్చాను. వారం తిరక్కుండానే ఫోను. మిట్టమధ్యాహ్నం లైను ఆగిపోతోంది, ఆరో నంబరు పలకడం లేదు. సాయంత్రానికి మళ్లీ నిక్షేపంలా నడుస్తోంది.

బాబాయి తెనాలిలో రేపల్లె రైలెక్కి వచ్చారు. జాయింట్లన్నీ విప్పి కొత్తగా వేశారు. ఆ సాయంత్రం నడిచింది, మర్నాడు మధ్యాహ్నం ఆగింది. మళ్లీ వచ్చారు, మళ్లీ వేశారు. మూడోసారి ఓనరు గారు ఇద్దరి మీదా కేకలేశారు. మిక్సరులో మేత గడ్డకట్టిపోయింది మరి. ఆ కేకలకి నాకు ఒళ్లు మండింది. తప్పు నాది కాదని తేల్చెయ్యాలన్న ఆత్రంలో అన్నాను:

"కేబులేనండి. ఎండెక్కేసరికి జాయింట్లు వదులైపోతున్నాయి. బాబాయికి ఆపరేషనైన కంటిచూపు సరిగ్గా ఆనట్లేదు."

బాబాయి నా పక్కనే ఉన్నారు, చేతిలో పట్టకారుతో. గొడవ పడతారనుకున్నాను. జాయింటు మీద బొటనవేలు పెట్టి ఒకసారి నిమిరారు.

"నీకలా అనిపించిందా అమ్మా?"

"మరి మూడుసార్లు ఆగింది కదా బాబాయ్."

ఆయన సంచి సర్దుకుని మధ్యాహ్నం రైలుకే వెళ్లిపోయారు. ఫోన్లున్న కాలం, నా మాట నాకంటే ముందే ఊళ్లు తిరిగింది. నెల తిరిగేసరికి అటు రేపల్లెలో గానీ ఇటు తెనాలిలో గానీ ఆయన్ని పనికి పిలిచే మిల్లు లేదు.

ఓనరు గారు వేరే మనిషితో కొత్త కేబుల్ లాగించారు. అయినా మధ్యాహ్నం లైను ఆగింది. అప్పుడైనా నాకు బుద్ధి రావలసింది. కేబుల్ రకం మంచిది కాదన్నాను.

ఆ తర్వాత ఒక ముసురు రోజున నేను అక్కడే ఉన్నాను. ఆ రోజు లైను ఆగలేదు. రెండో రోజు ఎండ కాసింది. కంట్రోల్ రూము కిటికీ అవతల ప్యాకింగ్ షెడ్డులో ఒకావిడ, "అబ్బ, ఉక్క," అంటూ గోడ మీది స్విచ్ వేసింది. ఫ్యాను తిరిగింది. నా ఎదురుగా తెర మీద ఆరో నంబరు ఎర్రగా మారింది. పరుగున వెళ్లి స్విచ్ ఆపి, లైను మళ్లీ మొదలుపెట్టించాను. ఆరు పలికింది. వేయించాను, పోయింది.

పెట్టె తెరిచి చూశాను. కొత్త స్టేషన్ పక్కనే పాతది. కొత్తది బిగించిన రోజున ఊడదీయబోతే, "ఉండనివ్వండమ్మా, ఎప్పుడైనా పనికొస్తది," అన్నారు ఓనరు గారు. సరేనని గోడ మీద దాని స్విచ్ ఆపేసి బస్సుకి టైమైందని వచ్చేశాను. నంబరు మార్చలేదు, రెంటినీ కలిపే కేబుల్ ముక్క పీకలేదు. ఎవరో అదే స్విచ్‌కి ఫ్యాను తగిలించుకున్నారు. ఉక్క పోసినప్పుడల్లా సగం కాలిన ఆ స్టేషన్ కూడా నిద్ర లేచి, ఆరు అని పిలిస్తే తనూ పలికేది. రెండు గొంతులు కలిసిపోయి పెద్ద యంత్రానికి ఏదీ వినపడేది కాదు. బాబాయి వేసిన జాయింట్లలో ఏ లోపమూ లేదు. అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను.

ఓనరు గారికి చెబితే, "పోన్లెండమ్మా, ఇప్పుడు నడుస్తందిగా," అన్నారు. ఆయనకి అంతే.

మర్నాడు పొద్దున్నే తెనాలి వెళ్లాను. బాబాయి గుమ్మంలో కూర్చుని, పిన్ని కుట్టుమిషను సూదికి దారం ఎక్కిస్తున్నారు. మొదటిసారికే ఎక్కింది. నన్ను చూసి ముఖం ఎంత వికసించిందో! "టిఫిన్ తిన్నావా అమ్మా?" అన్నారు. పనిముట్ల సంచి అల్లుడికి ఇచ్చేశారట.

ఫ్యాను దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. తప్పు నాదేనని కాళ్లు పట్టుకోబోయాను. ఆయన నా చేతులు పట్టుకుని ఆపారు.

"నా మనసు కష్టపడుద్దని ఇదంతా అల్లుకొచ్చావా? పిచ్చిదానా. ఆ కంటి మాట ఇంకెవరన్నా అంటే నమ్మేవాణ్ణా? నువ్వన్నావనేగా నమ్మింది."

"ఒట్టు బాబాయ్. నాతో రేపల్లె రండి, చూపిస్తాను."

"వద్దమ్మా. ఈ కంటితో ఏ మిల్లైనా తగలబెట్టేవాణ్ణి." లోపల మిషను ముందున్న పిన్ని వైపు తిరిగి, గొప్పగా చెప్పారు. "నా చూపు తగ్గిందని ముందు కనిపెట్టింది ఈ పిల్లే. నేను నేర్పిన పిల్ల."

ఓనర్లందరికీ నేనే ఫోన్లు చేసి నిజం చెప్పాను. ఇద్దరు ఆయన్ని మళ్లీ పనికి పిలిచారు. కళ్లు కనపడవని చెప్పి ఆయనే రానన్నారు. ఇప్పటికీ నెలకోసారి తెనాలి వెళ్లి అదే మొదటి నుంచీ చెబుతాను. ఓపిగ్గా వింటారు, టీ తెప్పిస్తారు, నమ్మరు.