ఉలికిపాటు కాదు

మా పాప ఐదో నెలలో నవ్వడం మానేసింది. ఇంట్లో అందరికంటే ముందు గమనించింది నేనే. చెబితే ఎవరూ నమ్మలేదు. పిల్లలు రోజూ నవ్వుతారా అన్నారు. మా పాప రోజూ నవ్వే పిల్లే. పొద్దున కళ్లు తెరవగానే నా ముఖం వెతుక్కుని చిగుళ్లన్నీ కనిపించేలా నవ్వేది. ఆ నవ్వు మెల్లగా తగ్గి, తర్వాత పూర్తిగా పోయింది. ముఖం దగ్గరగా పెట్టి పిలిచినా నా చెవి పక్క నుంచి గోడకేసి చూసేది.

మా అత్తగారిల్లు ఆదోని. మామ, మా ఆయన మార్కెట్ యార్డులో పత్తి కమీషన్ కొట్టు చూసుకుంటారు. పుట్టిల్లు ఎమ్మిగనూరు. కాన్పు అక్కడే అయింది. మూడో నెలలో పాపను తీసుకుని ఆదోనికి వచ్చాను. నాలుగో నెల నిండగానే పాప బోర్లా పడింది. మా అత్త సంబరంగా ఓళిగలు చేసి వీధంతా పంచింది. ఆ తర్వాత కొద్ది రోజులకే ఇది మొదలైంది.

నిద్ర లేచిన కాసేపటికి పాప ఉన్నట్టుండి తల ముందుకు వాల్చేది. రెండు చేతులూ ఒక్కసారిగా పక్కలకు చాచి, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకునేది. రెప్పపాటు, అంతే. వెంటనే మామూలుగా అయ్యేది. అమ్మయ్య అనుకునేలోగా మళ్లీ అదే. ఆగి మళ్లీ. ఒకదాని వెనక ఒకటి, అన్నీ ఒకేలా. అంతా అయ్యాక అలసిపోయి ఏడ్చేది.

మా అత్త మొదటిసారి చూసినప్పుడు నవ్వింది.

"సూడు సూడు, మొక్కుతాంది. ఏ దేవునికి మొక్కుతాండావే తల్లీ?"

"మొక్కడం కాదత్తా. ఏదో అవుతాంది పాపకు. చేతులు సూడు, ఎట్ల బిగుసుకుంటాండాయో."

"ఉలిక్కిపడతాంది. పిల్లోల్లు ఉలిక్కిపడరా? ముగ్గుర్ని సాకినా నేను. దిష్టి తీస్తా ఉండు, సర్దుకుంటాది."

ఎండుమిరపకాయలు, ఉప్పు తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు కాబట్టి దిష్టి గట్టిదేనని తేల్చింది. నాకు అత్త మీద కోపం లేదు. పాప మీద ఆమెకున్న ప్రేమ తక్కువదేమీ కాదు. కానీ నేను చెప్పిన ప్రతి మాటకూ ఆమె ముగ్గురు పిల్లలు అడ్డం వచ్చేవారు.

డాక్టరు దగ్గరకు పోదామని మా ఆయన వెంటపడ్డాను. పత్తి యార్డుకు వచ్చే కాలం. బళ్లు బారులు తీరి ఉంటాయి. ఆయనకు అన్నం తినే తీరిక కూడా ఉండదు. అయినా ఒకరోజు సాయంత్రం తీసుకుపోయాడు. అక్కడ మా వంతు వచ్చేదాకా పాప ఒళ్లో హాయిగా పడుకుంది. డాక్టరు పొట్ట నొక్కి చూశాడు.

"గ్యాసమ్మా. కడుపు నొప్పికి పిల్లలు అట్లనే ముడుచుకుంటారు. పాలు పట్టినాక భుజాన వేసుకుని తడుతున్నారా?"

"తడుతున్నా సార్. ఇది పాలు తాగినప్పుడు రాదు, నిద్ర లేచినాక వస్తాది. నవ్వడం కూడా మానేసింది."

"మొదటి బిడ్డా?"

"అవును సార్."

ఆయన మా ఆయన వైపు చూసి చిన్నగా నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు. ఆ ఇద్దరి నవ్వూ నాకు ఇప్పటికీ గుర్తుంది. చుక్కల మందు రాసి పంపాడు.

చుక్కలు వేశాను. తగ్గలేదు. మరో డాక్టరు దగ్గరకు పోయాం. ఆమె క్యాల్షియం తక్కువై ఉండొచ్చు అంది. ఫోన్‌లో తీసిన వీడియో చూపించాను. నేను తీయడం మొదలుపెట్టేసరికి పాప రెండుసార్లు ముడుచుకోవడం అయిపోయింది, మూడోది మాత్రమే పడింది, అదీ దుప్పటి అడ్డంగా. ఆమె సగం చూసి ఫోన్ తిరిగి ఇచ్చింది. "ఫోన్‌లో ఇవన్నీ చదివి భయపడకమ్మా" అంది. నేను అప్పటికి ఏమీ చదవలేదు. చదివి ఉంటే బాగుండేది.

ఇంటికి వస్తుంటే మా ఆయన విసుక్కున్నాడు.

"ఇద్దరు డాక్టర్లు ఏం ల్యాదు అంటాంటే, నువ్వెందుకు జబ్బు ఎతుక్కుంటాండావు?"

"ఎతుక్కోవడం ల్యా. కండ్ల ముందర కనిపిస్తాంది. నువ్వు ఒక్కరోజన్నా పొద్దున పక్కన కూర్చుని సూసినావా?"

"కొట్టు ఎవరు తెరుస్తారు?"

పాపను రెండో భుజానికి మార్చుకున్నాను. అడగదలుచుకున్నవి ఇంకా చాలా ఉన్నాయి.

ఈలోగా పాప బోర్లా పడటం కూడా మానేసింది. మెడ ముందులా నిలవడం లేదు. భుజాన వేసుకుంటే బియ్యం మూటలా జారిపోయేది. ఓళిగలు తిన్న పక్కింటామె వచ్చి, "అప్పుడే బోర్లా పడిందన్నారు, ఇంగా పాకలేదా?" అని అడిగింది. మా అత్త ఏదో చెప్పి పంపింది. మా ఆడపడుచు బిడ్డ మా పాప కంటే పది రోజులు చిన్న. కుటుంబం వాట్సాప్ గ్రూపులో వాడు కూర్చున్న వీడియోలు, పాకిన వీడియోలు రోజూ వచ్చేవి. అందరూ కింద చప్పట్ల బొమ్మలు పెట్టేవాళ్లు. నేనూ పెట్టేదాన్ని. పెట్టి ఫోన్ బోర్లించేదాన్ని.

ఒకరోజు చెప్పాపెట్టకుండా సంచి సర్దుకుని, పాపను ఎత్తుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాను. మా అమ్మ నమ్ముతుందనుకున్నాను. అమ్మ కూడా పాపను చూసి మొదట అన్నది అదే.

"బాగానే ఉంది కదే. నువ్వే సిక్కిపోయినావు. సరిగ్గా తింటాండావా?"

నాకు ఏడుపొచ్చింది. సంచి అక్కడే పడేసి గట్టిగా అరిచాను. "నన్ను సూడొద్దమ్మా, పాపను సూడు. ఒక్కరన్నా పాపను సూడండి!" అమ్మ బిత్తరపోయింది. నాన్న మగ్గం దగ్గర నుంచి లేచి వచ్చాడు. పాపను తీసుకుని అమ్మ ఒళ్లో పడుకోబెట్టాడు.

పాప అమ్మ ఒళ్లోనే నిద్రపోయింది. అమ్మ కదలకుండా కూర్చుంది. పాప లేచింది. కళ్లు తెరిచి ఎటో చూసింది. కాసేపటికి తల వాల్చి, చేతులు చాచింది. మళ్లీ. మళ్లీ. అమ్మ పాప చేతిని తన చేత్తో పట్టుకుని ఆపాలని చూసింది. ఆ చేయి ఆగలేదు. ఉలికిపాటైతే పట్టుకుంటే ఆగుతుంది. ఇది ఆమె పిడికిట్లోనే అదురుతూ సాగింది. అమ్మ ముఖం మారిపోయింది.

"ఇది ఉలికిపాటు కాదే" అంది.

ఇన్నాళ్లకు ఆ మాట అన్నది ఆమె ఒక్కతే. పాప మరోసారి నిద్ర లేచేసరికి నాన్న ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. మొదటి నుంచి చివరిదాకా వీడియో తీశాడు. అమ్మ అప్పుడే మా ఆయనకు ఫోన్ చేసింది.

"అప్పా, నేను సెప్పేది ఇనండి. కొట్టు మీ నాయనకు ఇడిసిపెట్టి రేపు పొద్దున రండి. కర్నూలుకు పోవల్ల. పాపకు బాగాలేదు. నా కండ్లతో సూసినా."

అల్లుడితో అమ్మ అలా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. ఆయన మరునాడు పొద్దున్నే వచ్చాడు.

కర్నూలులో పిల్లల నరాల డాక్టరు వీడియో ఒకసారి చూశాడు. ముందుకు జరిగి మళ్లీ చూశాడు. పాప తలకు వైర్లు అంటించి పరీక్ష తీయించాడు. ఆ కాగితాలు వచ్చాక చెప్పాడు. ఇవి ఫిట్స్. చిన్నపిల్లల్లో వచ్చే ఒక రకం. చూడటానికి ఫిట్స్‌లా ఉండవు, అందుకే చాలామంది పోల్చుకోలేరు. లోపల మెదడులో మాత్రం గందరగోళంగా ఉంటుంది. పిల్ల నేర్చుకున్నవి మరిచిపోవడం దానివల్లే. ఇంతవరకూ చెప్పి, పెన్ను మూత పెడుతూ అన్నాడు:

"ఇంకా ముందే తీసుకురావాల్సిందమ్మా. ఈ జబ్బులో ఆలస్యం మంచిది కాదు."

నా వైపే చూసి అన్నాడు. మా ఆయన వైపు కాదు. తల్లిని కదా.

"తెచ్చినాం సార్" అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇద్దరికి సూపించినాం. గ్యాస్ అన్నారు. క్యాల్షియం అన్నారు. నేను మొదటి రోజు నుంచీ సెప్తానే ఉన్నా సార్. ఎవరూ ఇనలేదు."

మా ఆయన నేల చూపులు చూశాడు. డాక్టరు వీడియో మరోసారి చూశాడు. తర్వాత, "మీరు సరిగ్గానే చూశారు" అన్నాడు. ఆ మాట అప్పటికి నాకేమీ ఊరట ఇవ్వలేదు. నేను తప్పు చూసి ఉంటేనే బాగుండేది.

స్టెరాయిడ్ మందులు మొదలుపెట్టారు. ఆ మందుకు తోడు ఇంకో మందు రాశారు. అది ఆదోనిలో దొరకదు. మందుల షాపుకు పోతే రేపు రమ్మనేవారు. రేపు పోతే ఆర్డరు పెట్టామనేవారు. చివరకు కర్నూలు నుంచి తెలిసినవాళ్ల చేత బస్సులో తెప్పించుకోవడం మొదలుపెట్టాం. స్టెరాయిడ్ వేశాక పాప ఆకలి ఆగేది కాదు. ఎత్తుకున్నా ఏడుపే, దింపినా ఏడుపే. ముఖం ఉబ్బి బుగ్గలు జారాయి. అప్పుడు చూడాలి మా చుట్టాలను.

"అబ్బ, ఎంత ముద్దుగా ఉండాది! ఇప్పుడు ఒళ్లు సేసింది!"

జబ్బుతో, మందుతో ఉబ్బిన పిల్లను చూసి నన్ను మెచ్చుకున్నారు. తర్వాత మందు తగ్గించి ఉబ్బు దిగాక, అదే మనుషులు "ఏమమ్మా, ఇట్ల సిక్కిపోయింది? ఏం పెడతాండావు?" అని నిలదీశారు.

స్టెరాయిడ్ నడిచినన్నాళ్లూ పాపకు జలుబు, జ్వరం అంటకూడదని, మనుషుల్ని దూరంగా ఉంచమని డాక్టరు గట్టిగా చెప్పాడు. మా ఇంట్లో మనుషుల్ని ఆపడం అంటే ఆదోనికి రోజూ నీళ్లు రప్పించడమంత కష్టం. యార్డుకు వచ్చిన రైతు, సంతకు వచ్చిన చుట్టం, ఎవరైనా సరే గడప దాటి నేరుగా ఊయల దగ్గరకే వచ్చేవాళ్లు. దగ్గుతూ బుగ్గ గిల్లేవాళ్లు. ఒకరిద్దరితో కటువుగానే మాట్లాడాను. కోడలికి పొగరని పేరొచ్చింది. మా అత్త రెండు రోజులు నాతో ముభావంగా ఉంది.

తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె చిన్నాన్న కూతురు కోడుమూరు నుంచి మనవళ్లను వెంటేసుకుని వచ్చింది. వాళ్లలో ఒకడికి ముక్కు కారుతోంది. నేను లోపల పాపకు మందు నూరుతున్నాను. నోరు తెరిస్తే ఏమంటానో అని పెదవి కొరుక్కున్నాను. అప్పుడు వాకిట్లో అత్త గొంతు వినిపించింది.

"ఈడనే అరుగు మీద కూర్చోండి. లోపలికొద్దు. పాపకు మందులు నడుస్తాండాయి."

"ఏందక్కా, మేమేమన్నా పరాయోల్లమా?"

"అయినోల్లయితే అర్థం చేసుకుంటారు. కాఫీ ఈడికే తెస్తా."

వాళ్లు కాఫీ తాగి ముఖాలు మాడ్చుకుని పోయారు. అత్త లోపలికి వచ్చింది. నా చేతిలోంచి కల్వం తీసుకుని మిగతా బిళ్ల తనే నూరింది.

మందు పనిచేసింది. ఆ ముడుచుకోవడాలు మొదట తగ్గాయి, తర్వాత ఆగాయి. తలకు వైర్లు పెట్టి మళ్లీ చూసినప్పుడు డాక్టరు మొదటిసారి నవ్వాడు. నేను నవ్వలేదు. ఇంకేం చెబుతాడోనని చూస్తున్నాను. నేర్చుకోవడం ఆలస్యమవుతుంది, ఎంత ఆలస్యమో ఇప్పుడు చెప్పలేం అన్నాడు.

ఆలస్యం అనే మాటతో కాపురం చేయడం నేను ఆ తర్వాత నేర్చుకున్నాను. చాప పరిచి, దుప్పటి చుట్టి పాప రొమ్ము కింద పెట్టి, తల ఎత్తేదాకా గిలక ఆడించాలి. కర్నూలులో ఫిజియోథెరపీ ఆమె చూపించినట్టు కాళ్లు వంచాలి, చాపాలి. రోజూ అదే పని. కొన్ని రోజులు పాప సహకరించేది, కొన్ని రోజులు చాప చూస్తేనే ఏడ్చేది. నాకూ ఆ చాప చూస్తే ఏడుపొచ్చేది. మా ఆయన ఇప్పుడు పొద్దున కొట్టుకు ఆలస్యంగా పోతున్నాడు. కాళ్లు వంచే పని ఆయనది. ఆయన చేస్తే పాప ఏడవదు. దానికీ నాకు ఒళ్లు మండేది.

నవ్వు తిరిగి వచ్చిన రోజు నేను ఇంట్లో లేను. పాత చీరలు తీసుకుని గిన్నెలు ఇచ్చే ఆమె వస్తే వీధి చివరకు పోయాను. తిరిగొస్తే మా అత్త గుమ్మంలో నిలబడి చేతులు ఊపుతోంది. "నవ్వింది, నవ్వింది!" అని. పరిగెత్తుకుని పోయేసరికి పాప గోడ చూస్తోంది. ఎంత పిలిచినా నవ్వలేదు. మరునాడు నా ముఖం చూసి నవ్వింది. నేను అన్నాళ్లు ఎదురుచూస్తే మొదటి నవ్వు గిన్నెల బేరంలో పోయిందని ఆ ఒక్క రోజంతా కుమిలాను.

ఏడాది దాటాక కూర్చుంది. రెండేళ్లు దాటాక గోడ పట్టుకుని నడిచింది. ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది. పట్టు లేకుండానే నడుస్తుంది, తూలుతుంది, పడితే తనే లేస్తుంది. ఎడమ చేయి కుడి చేయంత చురుకు కాదు. మాటలు రాలేదు. అమ్మ అనదు, అత్త అనదు. "మా పెద్దోడు కూడా లేటుగానే మాట్లాడినాడు" అని ప్రతివాళ్లూ ఓదారుస్తారు. ఆ పెద్దోళ్లందరినీ ఒక్కచోట చేర్చి తలుపేయాలనిపిస్తుంది.

మొన్న పొద్దున స్కూలు వ్యానులు వీధిలో హారన్లు కొడుతున్న వేళ మందు తాగిస్తున్నాను. కర్నూలు నుంచి తెప్పించుకునే ఆ ఫిట్స్ మందు ఇంకా నడుస్తోంది. పాప ముఖం పక్కకు తిప్పుకుంది. నేను గడ్డం పట్టుకున్నాను. తను నా చేతిని తోసింది. చెంచా ఎగిరి నా చీర మీద, చాప మీద మందంతా ఒలికింది. ఆ మందు కోసం ఎంత తిరగాలో నాకు తెలుసు. చేయి లేచింది కూడా.

"వద్దు" అంది పాప.

స్పష్టంగానే అంది. కోపంగా అంది. లేచిన చేయి దించాను. "ఏమన్నావే?" అని అడిగాను. పాప నన్ను తేరిపార చూసి, చెంచా వైపు చేయి చూపించి మళ్లీ అంది. "వద్దు."

మా ఆయన్ను పిలిచాను. అత్తను పిలిచాను. అందరూ వచ్చి చాప చుట్టూ కూర్చుని మళ్లీ అనమని బతిమాలారు. పాప పెదవులు బిగించుకుని కూర్చుంది. నేను చీర కొంగుతో చాప తుడిచి, సీసా తీసి, ఇంకో చెంచా పోశాను.