చిన్నాయిన మగ్గం నేసిన నిమిషం

ఆ రోజుల్లో చేతికి గడియారం ఉన్నవాడిని టైమెంతని అడగడానికి కూడా జనం చెప్పులు విడిచి దగ్గరికొచ్చేవాళ్లు. కోస్గి వైపున్న మా ఊళ్లో అట్లాంటి చేతులు రెండే. ఒకటి డాక్టర్ సాబ్‌ది, రెండోది నాది. షోలాపూర్ మిల్లులో పనిచేసే మా బావ నా పెండ్లికి తెచ్చిపెట్టిన గడియారం అది. పంతొమ్మిదేళ్లకే దవాఖానలో కాంపౌండర్ పని, దాని మీద ఈ గడియారం. చలికాలంలో కూడా చొక్కా చెయ్యి మోచేతి దాకా మడుచుకునే తిరిగేవాణ్ణి. (నాకు గజ్జి లేచిందేమోనని మా అవ్వ వేపాకు నూరి పెట్టింది.)

ఆ గడియారం ఉందనే డాక్టర్ సాబ్ నాకు నాడి, ఊపిరి లెక్కపెట్టడం నేర్పాడు. నేను బాగా నేర్చుకున్నది మాత్రం అప్పుడు పెట్టాల్సిన ముఖం. కనుబొమ్మలు ముడవడం, పెదవులు కదిలించడం, చివర్లో "ఊఁ" అనడం. ఎవరైనా చూస్తున్నారంటే చాలు, గడియారానికి చావి ఇచ్చేవాణ్ణి. రోజుకొకసారి ఇవ్వాల్సిన చావి పదిసార్లు ఇస్తే ఏ గడియారం బతుకుతుంది? ఒకరోజు లోపల టక్కుమంది. ముళ్లన్నీ నాలుగూ ఇరవై దగ్గర నిలబడిపోయాయి. చెబితే పని పోదు, ఇజ్జత్ పోతుంది. అందుకని ఎవరికీ చెప్పలేదు.

అప్పుడే మా పక్కింటి రైతుకు ఊపిరితిత్తుల జ్వరం పట్టింది. వరసకు నాకు పెద్దనాయిన. డాక్టర్ సాబ్ గోళీల పొట్లం పెద్దమ్మ చేతికిచ్చి, నన్ను పక్కకు పిలిచాడు.

"గోళీలు ఇంతే ఉన్నయ్. నేను మహబూబ్‌నగర్ పోయి తెస్త. రోజుకు మూడు. ఊపిరి నిమిషానికి ఇరవై అయిదు లోపలికి దిగితే ఒకటి చాలు. దిగకముందే తగ్గిస్తే మనిషి దక్కడు. సమజైందా?"

సమజైందని తలూపాను. ఆయన పోయిన మర్నాడే, యూనియన్ మిలిటరీ నిజాం సరిహద్దు దాటిందని తెలిసింది. బస్సులు బంద్, బాటలు బంద్. పెద్దనాయిన ప్రాణానికి, ఆ పొట్లానికి మధ్య మిగిలింది నేనూ, నాలుగూ ఇరవై దగ్గర ఆగిన గడియారమూ.

మరి లెక్క ఎట్లా? పెద్దనాయిన మంచం ఆనించిన గోడకు అవతలే మా చిన్నాయిన మగ్గం. గడియారం నడిచే రోజుల్లో ఊరికే లెక్కపెట్టి చూశాను, నిమిషానికి నలభై దెబ్బలు. అత్తగారు ఇంటికొచ్చినా ఆయన నలభై ఒకటో దెబ్బ కొట్టే మనిషి కాదు. ఇంకేం, నలభై దెబ్బలు పడితే నిమిషమైనట్టే! ఆగిన ముల్లు మీద కండ్లు, గోడకు చెవి. మొదటిరోజు ఊపిరి నలభై, నాడి నూట ఇరవై. కాగితం మీద రాసి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

రెండు రోజులు గడిచేసరికి ఊపిరి ఇరవై మూడుకు దిగింది!

"తగ్గింది పెద్దమ్మా! ఇయ్యాల్టి నుంచి గోళీ ఒక్కటే చాలు."

"తగ్గితె మనిషి గిట్ల ఎగపోస్తాండేందిరా?"

"గడియారం అబద్ధమాడ్తదా పెద్దమ్మా?" అన్నాను. (రాసుకుంటుంటే ఇప్పటికీ చెవులు కాలుతున్నాయి.) ఆమె నా ముఖం చూసి, గడియారం చూసి, పొట్లం కొంగున ముడేసుకుంది.

ఆ తరువాత రెండు రోజులకు, నేను ముఖం ముడుచుకుని మంచం పక్కన కూచునేసరికి మగ్గం చప్పుడు లేదు. వేళ్లు నాడి మీద పెట్టి ఎదురుచూస్తున్నాను.

"లెక్క షురూ చేస్తలేవేంది బిడ్డా?" అంది పెద్దమ్మ.

ఇక ఆగలేక గోడ మీదుగా కేకేశాను. "చిన్నాయినా, జర మగ్గం నడుపరాదు!"

"ఏడ నడుపుదురా! జెండా బట్ట అయిపోయింది. మిలిటరీ వచ్చేలోపల కావాలని పటేల్ పానం తీసిండు. నాలుగు దినాల బట్ట రెండు దినాల్లనే నేసిన. రెక్కలు పడిపోయినయ్!"

(నిన్నటిదాకా నిజాం పేరు చెప్పుకుని బతికిన పటేల్‌కు ఊళ్లో అందరికంటే పెద్ద మూడు రంగుల జెండా కావాల్సి వచ్చింది మరి.)

చిన్నాయిన ఉరికిస్తే నా నిమిషం సగానికి తెగిందన్నమాట. తగ్గింది పెద్దనాయిన ఊపిరి కాదు. ఒక్క గోళీ చాలన్నది నేనే. గడియారం విప్పి పెద్దమ్మ చెవి దగ్గర పెట్టాను.

"సప్పుడు లేదు," అంది ఆమె.

"ఆగి చాన రోజులైంది పెద్దమ్మా. మగ్గం సప్పుడుతోని లెక్కపెట్టిన. తప్పైంది. పెద్దనాయినను నేనే..."

"ఏడ్వకు. మూడు పూటలా మూడు గోళీలు వేసిన."

"నేను ఒకటే అంటి గదా!"

"నువ్వన్నవు. నేను ఆయన పక్కన పండుకోని, ఆయన ఊపిరి తీసినప్పుడల్ల నేనూ తీసి చూసిన. పది తీసేసరికి నాకు ఆయాసమొచ్చింది. ఇంక నీ గడియారాన్నేమి నమ్ముత? రాత్రి చెమట పట్టింది, ఇయ్యాల ఆయనతోని తీస్తె నాకు నిద్రొచ్చింది."

మంచంలోంచి పెద్దనాయిన కండ్లు తెరిచి, "జర జొన్నగట్క పోస్తరా, లేక ఇద్దరు లెక్కలే పెడ్తరా?" అన్నాడు.

బాటలు తెరిచాక డాక్టర్ సాబ్ వచ్చి, తన గడియారంతో చూసి, నా కాగితం చదివి, "శభాష్!" అని భుజం తట్టాడు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. చెప్పలేదు. పెద్దమ్మ కూడా చెప్పలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పోయింది. ఆ శభాష్‌ను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఎవరికి తిరిగి ఇవ్వాల్నో వాళ్లెవరూ ఇప్పుడు లేరు.

తరువాత మంచి గడియారాలు చాలానే కట్టుకున్నాను. ఇంట్లో ఎవరికైనా దగ్గు, జ్వరం వస్తే మాత్రం వాటిని విప్పి పక్కనపెట్టి, మంచం అంచున కూచుని వాళ్లతోపాటు ఊపిరి తీసి చూస్తాను. మొన్న మా ఇంటామెకు జలుబు చేస్తే అట్లాగే కూచున్నాను. ఆమె దుప్పటి తీసి చూసింది.

"జలుబు నాకైతే ఆయాసం మీకొచ్చిందేంది?"

వయసైంది, నాకు ఊరికే కూడా ఆయాసం వస్తుంది. ఇప్పుడు ఆ లెక్క కూడా నమ్మడానికి లేదు.